మూడో వేలు

క్లచ్ చూడాలంటే ట్రాక్టర్‌ని రెండు ముక్కలు చెయ్యాలి.
ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు.
ఇంజను ఒక పక్క, గేరుపెట్టె ఒక పక్క,
నడుమ ఒక మనిషి దూరేంత చీకటి.
అడుగున దుంగలు, రెండు జాకీలు,
మా మరిది తౌనో ఊపిరి బిగబట్టి తోసిన ఒక్క తోపు.

మార్చి నెల. కొట్టం బయట మంచు మోకాటి దాకా,
లోపల అరవై ఏళ్ళ మసి నా మోచేతి దాకా.
ఆ ఇనుప పళ్ళేనికి మూడు వేళ్ళుండాలి.
మూడూ ఒక్కసారి నొక్కితేనే
ప్లేటు పట్టు వదులుతుంది.
రెండే ఉన్నాయి.
మూడోది అడుగున, గ్రీజులో,
కొరికి ఉమ్మేసిన ఎముకలా.

ఓలు పట్నంలో దుకాణం వాడు నంబరు విని నవ్వలేదు.
నవ్వినా బాగుండేది.
"ఆ నంబరా..." అన్నాడు,
పోయినవాళ్ళ పేరు ఎత్తినట్టు.
సెయినాయొకిలో ఒక ముసలాయన
గాళ్ళు లెక్కపెట్టమన్నాడు.
లెక్కపెట్టి చెప్పాను.
అవతల చాలాసేపు గడియారం చప్పుడు.
తాలిన్ నుంచి పొట్లం వచ్చింది, పాత పేపర్లో చుట్టి.
విప్పితే వేలే,
కానీ ఎవరిదో చిటికెన వేలు.

"అతికిద్దాం వదినా" అన్నాడు తౌనో.
అతికించాడు. వైసులో బిగించి సుత్తితో ఒకటి వేశాడు.
మళ్ళీ రెండు.
పోత ఇనుము మర్యాద కోసం అతుక్కోదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.
ఉర్హో కెంప్పైనెన్ చేను మా గట్టుకి అవతలే.
ఇదే వాల్మెట్, ఇదే మోడలు,
ఇంజను మూతలోంచి భూర్జ చెట్టు మొలిచి
ఏళ్ళ తరబడి అక్కడే నిలబడి ఉంది.
రోజూ వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది.
సముద్రం అవతలికి ఫోన్లు చేశాను గానీ
గట్టు దాటలేదు.
కాలువ తవ్వినప్పుడు మా ఆయన ఒక మాట అన్నాడు.
ఆయన పోయాడు, ఆ మాట పోలేదు.

కాలితో తోసే మంచుబండి మీద వెళ్ళాను.
ఉర్హో కాఫీ పోశాడు. తాగాం.
మళ్ళీ పోశాడు. తాగాం.
మూడో కప్పుకి నోరు విప్పాడు.
"వేలు ఇవ్వను.
తీసుకుపోతే మొత్తం తీసుకుపో.
ముక్కముక్కగా పోతుంటే చూళ్ళేను."

నాడా కోసం గుర్రాన్ని కొన్నట్టు
నాలుగు వందల యూరోలకి కొన్నాను.
చెట్టు నువ్వే కొట్టుకో అన్నాడు.
కొట్టి, మొద్దు మీద వలయాలు లెక్కపెట్టాను.
మా తగువు కన్నా రెండేళ్ళు చిన్నది.

వేలు మూడు రాత్రులు కిరసనాయిల్లో నానింది.
ప్లేటు నడిమికి నిలపడానికి ఉత్తుత్తి షాఫ్టు
ఆ భూర్జ కొమ్మతోనే చెక్కాను.
పచ్చి కొయ్య, చేతికి తియ్యటి వాసన అంటింది.

బిగించే రోజు పిలవకుండానే ఉర్హో గుమ్మంలో నిలబడ్డాడు.
చేతులు జేబుల్లో.
మూడు వేళ్ళూ ఒకే ఎత్తున ఉండాలి, నా దగ్గర కొలబద్ద లేదు.
కాఫీ పెట్టె అట్ట చింపి, మడిచి,
వేలి కింద దూర్చాడు.
"ఇంకొంచెం."
తిప్పాను.
"ఎక్కువైంది."
వెనక్కి తిప్పాను.
కాలువ ఊసు రాలేదు. రావాల్సిన పనీ లేదు,
నీళ్ళు దాని దారిన అది పోతూనే ఉన్నాయి.

రెండు ముక్కలూ ముద్దాడిన చప్పుడు చిన్నదే,
డబ్బా మూత పడ్డట్టు.
పెడల్ మీద కాలు పెట్టాను.
దిగింది. కింద ఏదో మెత్తగా
తన పట్టు తానే వదిలింది.

మేలో బంగాళాదుంపలు వేశాం.
ఉర్హో బండి మా కొట్టం వెనక, రెండు వేళ్ళతో, మొద్దుతో సహా ఉంది.
నిన్న కుహ్మో నుంచి ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడు.
ఎలా తెలిసిందో,
ఒక్క వేలు కావాలట, ఎంతైనా ఇస్తాడట.
"వేలు ఇవ్వను" అన్నాను.
"తీసుకుపోతే మొత్తం..."

బల్ల అవతల కాఫీ తాగుతున్న ఉర్హో
తలెత్తలేదు.
కప్పు మాత్రం ముందుకి జరిపాడు.